‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’: ఆ ఏడాది దేనికి?

ఈ సామెతలో ‘ఏడు’ వట్టి అతిశయోక్తి అనీ, సారె (కుమ్మరి చక్రం) మీద కుండ లేవడానికి నిమిషాలు చాలనీ నిన్న ఒకరు రాశారు. నాకు అలా అనిపించదు. గుదియ అంటే దుడ్డుకర్ర, పెట్టు అంటే దెబ్బ; కుమ్మరి ఏడాది పడ్డ శ్రమ దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని అని భావం. వాటితో పేచీ లేదు. ‘ఏడు’ అంకె కావచ్చునా అని మరొకరు అడిగారు. ముందు ‘ఒక’ ఉంది కాబట్టి సంవత్సరమే. సారె తిప్పడం చివరి దశ. అసలు పనంతా మన్ను కూర్చడంలో ఉంది, అది కాలాన్ని బట్టి నడుస్తుంది.

చెరువు ఎండితే తప్ప అడుగున ఉన్న ఒండ్రు చేతికి రాదు. వేసవిలో తవ్వి, ఎండబెట్టి, చితక్కొట్టి, వేర్లూ రాళ్లూ ఏరి, నానబెట్టి, వడగట్టి, కాళ్లతో తొక్కాలి. నానిన మన్ను మాగిన కొద్దీ బాగా సాగుతుంది. ముసురు పట్టిందంటే పచ్చికుండ ఆరదు, ఆవం (కుండలు కాల్చే బట్టీ) కాల్చడమూ కుదరదు. ఇక ఏడాది అనడంలో అతిశయోక్తి ఎక్కడుంది?

పైగా ఒకే చోట తవ్విన మన్ను ఉన్నది ఉన్నట్టుగా కుండకు పనికిరావడం అరుదు. వేలి లావున వత్తి చేసి వేలికి చుట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. పగుళ్లిస్తే జిగట చాలదు, ఒండ్రు కలపాలి. చక్కగా వంగినా, జిగట మరీ ఎక్కువైన మన్ను ఆరేటప్పుడు ముడుచుకుపోయి బీటలిస్తుంది. పది సెంటీమీటర్ల గీత గీసిన పచ్చిమన్ను పలక ఆరాక ఆ గీత తొమ్మిదికి దిగితే, ఆ మన్నుకు ఇసుకో, పాత పెంకుల పొడో పడాలి. అవి ముడుచుకోవు, లోపలి నీరు బయటికి రావడానికి దారి ఇస్తాయి.

వంటకుండకూ నీళ్లకుండకూ పాళ్లు వేరు. వంటకుండ మన్ను కాస్త గరుకుగా ఉండాలి. మంట తగిలినప్పుడు పుట్టే సన్నని చీలిక ఇసుక రేణువు దగ్గరో, సూక్ష్మరంధ్రం దగ్గరో ఆగిపోతుంది. నున్నగా, గట్టిగా కాలిన పాత్ర చూడముచ్చటగా ఉంటుంది గాని పొయ్యి మీద నిలవదు. నీళ్లకుండకు ఊకో బూడిదో కలుపుతారు. ఊక ఆవంలో కాలిపోయి రంధ్రాలు మిగులుస్తుంది, వాటి గుండా నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కుండ చల్లదనం మన్ను కలిపిన రోజే నిర్ణయమైపోతుందన్నమాట!

ప్రశ్న: మాది నల్లరేగడి ఊరు. అంత జిగట మన్ను ఉండగా చెరువు దాకా పోవడం ఎందుకు?

జవాబు: మంచి ప్రశ్న అండీ. ఎండాకాలంలో మీ చేలు నెర్రెలు విచ్చడం చూసే ఉంటారు. రేగడి నీటితో విపరీతంగా ఉబ్బి, ఆరితే అంతే విపరీతంగా ముడుచుకుంటుంది. ఒట్టి రేగడితో చేసిన కుండ ఆవం దాకా చేరకముందే బీటలు వారుతుంది. ఎర్రమన్నులో, ఇసుకలో కొద్దిగా కలిపితే మాత్రం జిగట తెచ్చిపెట్టే మంచి సరుకు.

ప్రశ్న: ఒకే మన్నుకు ఎరుపు, నలుపు రెండు రంగులూ ఎలా వస్తాయి?

జవాబు: గాలి బాగా ఆడితే మన్నులోని ఇనుము వల్ల ఎరుపు. ఆవం కప్పేసి పొగ బయటికి పోకుండా చేస్తే, ముఖ్యంగా ఆ పొగలోని మసి పట్టి నలుపు. రంగు కోసం వేరే మన్ను వెతకనక్కర్లేదు.

రేగడి కలిపేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అందులో సున్నపు గులకలు ఉంటాయి. ఆవంలో అవి కాలి పొడిసున్నమవుతాయి. కుండ బాగానే వచ్చిందనిపిస్తుంది. కొన్నాళ్లకు గాలిలోని తేమను పీల్చి ఆ సున్నం ఉబ్బుతుంది, కుండ పైనున్న పెచ్చు టప్పున ఊడి దాని కింద తెల్లచుక్క కనిపిస్తుంది. కాల్చాక దానికి మందు దాదాపు లేదు. అందుకే నానబెట్టిన మన్నును సన్నని జల్లెడలో వడగట్టే పని ఎంత విసుగనిపించినా మానకూడదు.