టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్ళూ, ఎస్ట్రడయాల్ 52 వచ్చింది, మాత్ర వేసుకోవాలా?

బెళ్ళందూరు_బాబు:
అన్నలూ, నాకు 41. పొద్దున్నే రెండుసార్లు చేయించినా టెస్టోస్టెరాన్ 200 దాటకపోతే డాక్టర్ టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ 250 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి రాశారు. మొదటి వారం హుషారే, మూడో వారం వచ్చేసరికి ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నా. ఇప్పుడు ఛాతీ దగ్గర ముట్టుకుంటే నొప్పి, ఎస్ట్రడయాల్ (ఎస్ట్రోజెన్ హార్మోన్) 52. జిమ్‌లో ఒకాయన ఎస్ట్రోజెన్ తయారవకుండా ఆపే అనాస్ట్రజోల్ మాత్ర స్ట్రిప్ ఇచ్చి వేసెయ్ అంటున్నాడు. ఎవరైనా వాడారా?

నెల్లూరు_టు_హెచ్‌ఎస్ఆర్:
మా కజిన్ వాడాడు బ్రో, వాడూ ఇలాగే ఎవరో చెబితే. ఎస్ట్రడయాల్ నంబర్ బాగా పడిపోయింది, దాంతోపాటు మోకాళ్ళు, భుజాలు ఒకటే నొప్పులు, కోరిక కూడా పోయింది. డాక్టర్ మాన్పించాక గానీ తేరుకోలేదు.

జయనగర్_మామ:
బాబూ, ఎస్ట్రడయాల్ ఆడవాళ్ళ హార్మోన్ అని అదేదో విషంలా చూస్తారు మనవాళ్ళు. మన ఒంట్లో అది టెస్టోస్టెరాన్ నుంచే తయారవుతుంది, అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల, అదీ కొవ్వులో ఎక్కువగా, అందుకే పొట్ట ఉన్నవాళ్ళకి ఎక్కువ వస్తుంది. ఎముకల గట్టిదనానికి మగాడికీ అది కావాలి. 2013లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో టెస్టోస్టెరాన్ ఇస్తూనే ఎస్ట్రోజెన్ తయారవకుండా ఆపితే కొవ్వు పెరిగింది, కోరిక తగ్గింది. నీ అసలు సమస్య ఆ మూడు వారాల గ్యాప్ అనిపిస్తోంది నాకు. ఒకేసారి అంత మందు పడితే రెండు మూడు రోజుల్లో టెస్టోస్టెరాన్ ఎగిసి, దాని వెంట ఎస్ట్రడయాల్ కూడా ఎగిసి, చివరికి రెండూ కింద పడతాయి. వారానికి 75 నుంచి 100 చొప్పున విడగొట్టి ఇవ్వడం కూడా ఉంది, నాకు అలాగే ఇస్తున్నారు, చిరాకు చాలా తగ్గింది. మీ డాక్టర్‌ని అడుగు. ఛాతీ నొప్పి మాత్రం చెప్పకుండా ఉండకు, గడ్డలా తగిలితే ఇంకా తొందరగా చూపించుకో.

ల్యాబ్_అక్క:
రక్తం ఏ రోజు ఇచ్చారు? జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? అది కొన్ని హార్మోన్ టెస్టుల రిజల్ట్‌ని తారుమారు చేస్తుంది. మామూలు ఎస్ట్రడయాల్ టెస్ట్ ఆడవాళ్ళలో ఉండే ఎక్కువ స్థాయిలకి సరిపోతుంది, మగవాళ్ళకి మాస్ స్పెక్ట్రోమెట్రీతో చేసేది నయం, కాస్త ఖరీదు.

వైట్‌ఫీల్డ్_వాసు:
అందరూ ఎస్ట్రడయాల్ చుట్టూనే తిరుగుతున్నారు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంతో ఎవరూ అడగరేంటి? 54 శాతం దాటితే ఇంజెక్షన్ ఆపాలి, రక్తం చిక్కబడుతుంది. గురక ఉంటే అదీ చెప్పండి. ఇంకోటి, పిల్లల ప్లాన్ ఉందా? బయట నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే మెదడు నుంచి వృషణాలకి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పడిపోయి వీర్యకణాలు సున్నాకి కూడా పోవచ్చు.

బెళ్ళందూరు_బాబు:
హెమటోక్రిట్ 49. పిల్లలు ఇద్దరున్నారు, చాలు అన్నా 😄 అక్కా, బయోటిన్ వేసుకుంటున్నా. రక్తం ఇంజెక్షన్ అయిన మూడో రోజున ఇచ్చా, ఎప్పుడు ఇవ్వాలో నాకెవరూ చెప్పలేదు.

ల్యాబ్_అక్క:
మూడో రోజంటే పీక్‌లోనే ఇచ్చారు. ఎనాంథేట్‌కి టెస్టోస్టెరాన్ రెండు ఇంజెక్షన్లకి సరిగ్గా మధ్యలో చూస్తారు. డాక్టర్‌ని అడిగి బయోటిన్ కొన్ని రోజులు ఆపి, మళ్ళీ ఇవ్వండి.

బెళ్ళందూరు_బాబు:
సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఆ మాత్ర స్ట్రిప్ జిమ్ ఆయనకే తిరిగిచ్చేస్తా.