అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. వాళ్లు గొడవ పడకుండా ఎలా విడిపోయారు? మాకెందుకు చేతకావట్లేదు?

కిమిడి కీబోర్డు:

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వాట్సాప్‌లో రెండూ కలిపి కొడతాం. నలుగురం కలిసి ఆరేళ్లుగా ఒక బ్యాండ్ నడుపుతున్నాం. పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు కాదండి, గిటార్లూ డ్రమ్సూ ఉన్నది. మా నాన్నకి ఆ తేడా ఇప్పటికీ బుర్రకెక్కలేదు, అది వేరే సంగతి. సీజన్‌లో డబ్బుల కోసం మెలోడీ ప్రోగ్రాములకి వెళ్తాం, సగం ఒడియా పాటలు సగం తెలుగు పాటలు. ఖాళీ రోజుల్లో సొంత పాటలు ఓ పది పన్నెండు కట్టుకున్నాం.

ఇప్పుడు మా డ్రమ్మర్ మానేస్తానంటున్నాడు. వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోలేదు, జీడితోట చూసుకోవాలి, పైగా రాత్రంతా స్టేజీ మీద వాయించి తెల్లారి బండి పట్టుకుని ఇల్లు చేరడం ఇక నా వల్ల కాదంటున్నాడు. అంతవరకూ బాధే గానీ గొడవ లేదు. గొడవ యూట్యూబ్‌లో పెట్టిన పాటల కింద ఎవరి పేరు ఉండాలన్న దగ్గర మొదలైంది. బాణీలన్నీ తనవే అని మా గిటారిస్టు అంటాడు. మాటలు రాసింది నేను, నాకు కోపం రాదా? వారం నుంచి మా మధ్య మాటల్లేవు, ఇక బ్యాండే మూసేద్దాం అని గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

స్కూల్లో ఉండగా విశాఖలో మా బావ ఇచ్చిన క్యాసెట్ విన్నప్పటి నుంచి నాకు ఆర్.ఇ.ఎం. పిచ్చి. వాళ్లు 31 ఏళ్లు కలిసుండి 2011లో ఎవరూ నోరు జారకుండా విడిపోయారంటారు. నిజమేనా, లేక పైకి చెప్పుకునే కబుర్లా?

బరంపురం బేసు:

నిజమే. కాకపోతే తమ్ముడూ, నువ్వు 2011 వైపు చూస్తున్నావు, చూడాల్సింది 1997.

మొదట్నుంచీ చెప్తాను, ఓపిక పట్టు. 1980 ఏప్రిల్ 5న అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజుకి వాయించడం వీళ్ల మొదటి ప్రోగ్రాం. ఏథెన్స్ మన బరంపురం లాగే యూనివర్సిటీ ఉన్న ఊరు, మహానగరమేం కాదు. గిటార్ వాయించే పీటర్ బక్ అక్కడ రికార్డుల కొట్లో పనిచేసేవాడు, పాడే మైకేల్ స్టైప్ ఆ కొట్టుకి వచ్చే కుర్రాడు. బేస్ వాయించే మైక్ మిల్స్, డ్రమ్మర్ బిల్ బెర్రీ ఇద్దరూ స్కూలు రోజుల నుంచే జత. ఊరూరూ వ్యాన్లో తిరిగి, 1983లో మర్మర్ అని మొదటి ఆల్బం తెచ్చారు. అందులో స్టైప్ ఏం పాడుతున్నాడో సగం అమెరికన్లకే అర్థం కాలేదు, మనం సిగ్గుపడక్కర్లేదు. పెద్ద రేడియోలు పట్టించుకోకపోయినా కాలేజీ రేడియోలు నెత్తిన పెట్టుకున్నాయి. ఈ 'ఆల్టర్నేటివ్' అనే మాట పెరిగింది ఆ కాలేజీ రేడియోల చుట్టూనే. 1988లో చిన్న రికార్డు కంపెనీ ఐ.ఆర్.ఎస్. నుంచి పెద్ద కంపెనీ వార్నర్‌కి మారారు. 1991లో వచ్చిన లూజింగ్ మై రిలిజియన్ అమెరికా చార్టులో 4వ స్థానం దాకా వెళ్లింది.

ఇప్పుడు నీ గొడవకి వద్దాం. వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఏంటంటే, ఏ పాట ఎవడు కట్టినా కింద నలుగురి పేర్లూ ఉంటాయి, అక్షరాల వరసలో బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. వచ్చింది నాలుగు సమాన వాటాలు. ఏ నిర్ణయమైనా నలుగురూ ఒప్పుకుంటేనే. ఎవరిబడీ హర్ట్స్ పాట చాలావరకు కట్టింది డ్రమ్మర్ బెర్రీయే, అయినా పేర్లు నలుగురివీ. ఇంకో తమాషా ఏంటంటే, ఆ పాటలో టిక్ టిక్ అని వినిపించేది డ్రమ్ మెషీను. పాట కట్టిన డ్రమ్మరే నా డ్రమ్స్ ఏవీ అని అడగలేదు, నువ్వూ మీ గిటారిస్టూ ఇది కాస్త ఆలోచించుకోండి.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ప్రోగ్రాం మధ్యలో బెర్రీకి భరించలేని తలనొప్పి వచ్చింది. చూస్తే మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లింది, అక్కడే ఆపరేషన్ చేశారు. మే నెలకల్లా మళ్లీ స్టేజీ ఎక్కాడు. ఆ ఏడాదే మిల్స్‌కి పొట్టలో ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా, మా అమ్మమ్మ వినుంటే దిష్టి తీయించుకోండ్రా అనేది. బెర్రీ కోలుకున్నాడు గానీ మనసు తిరగడాల మీద లేదు. 1997 అక్టోబర్‌లో మానేశాడు. వెళ్లి ఏం చేశాడో తెలుసా, పొలంలో గడ్డి పెంచాడు. మీ వాడి జీడితోట చదవగానే నాకు నవ్వొచ్చింది అందుకే.

వెళ్లేముందు అతను మిగతా ముగ్గురికీ ఒకటి చెప్పాడు: నేను వెళ్తే బ్యాండ్ ఆగిపోయేట్టుంటే నేను వెళ్లను అని. వాళ్లు వెళ్లమన్నారు. మూడు కాళ్ల కుక్క కూడా కుక్కే, పరిగెత్తడం కొత్తగా నేర్చుకోవాలంతే అని స్టైప్ అన్నాడప్పుడు. సాగనంపడం అక్కడ నేర్చుకున్నారు కాబట్టే 2011లో చేతనైంది.

రాయగడ రిఫ్:

బేసు గారూ, బాగా చెప్పారు గానీ కాస్త పంచదార ఎక్కువైంది.

బెర్రీ వెళ్లాక తీసిన అప్ అనే ఆల్బం (1998) సమయంలో ఆ ముగ్గురూ విడిపోయే దాకా వచ్చారు, తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. లయ పట్టేవాడు లేక డ్రమ్ మెషీన్లు పెట్టుకుని, ఎవరికి వారే అన్నట్టు పనిచేశారు. 2004 నాటి అరౌండ్ ద సన్ విన్నారా? నేను డబ్బు పెట్టి కొన్నాను, మూడో పాటకే కునుకు పట్టింది. తర్వాత ఆ ఆల్బం మీద పీటర్ బక్కే పెదవి విరిచాడు.

డబ్బు సంగతి మీరు ఎత్తనే లేదు. 1996లో వార్నర్‌తో 5 ఆల్బంలకి ఒప్పందం, 8 కోట్ల డాలర్లని అప్పట్లో పేపర్లు రాశాయి. లెక్కపెట్టండి: అప్, రివీల్, అరౌండ్ ద సన్, యాక్సిలరేట్, కొలాప్స్ ఇన్‌టు నౌ. ఐదోది 2011 మార్చిలో వచ్చింది, దానికి టూర్ కూడా వెళ్లలేదు, సెప్టెంబర్ 21న ఇక చాలు అని వెబ్‌సైట్లో పెట్టారు. గొడవల్లేవు, లాయర్లు లేరు అని మిల్స్ రాసింది నిజమే. కానీ అప్పు తీరిపోయి, పంట ఇంటికి చేరాక అన్నదమ్ములు పంచుకోవడం వేరు, నడిసీజన్‌లో పంచుకోవడం వేరు. కీబోర్డు గారూ, మీది నడిసీజన్. మీరు వాళ్లతో పోల్చుకుని కుమిలిపోకండి.

జయపురం మాండొలిన్:

విషయం కాదు గానీ ఒక్క మాట. మాండొలిన్ అంటే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గారే కదా, ఆయన కచేరీలు వింటూ పెరిగిన నేను, లూజింగ్ మై రిలిజియన్ పాటలో బక్ మాండొలిన్ వాయింపు విని ఇంత తేలికా అనుకున్నాను. తీరా తెలిసిందేంటంటే, అప్పుడే కొత్తగా మాండొలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ నేర్చుకుంటుండగా తట్టిన బాణీ అట అది. ఇంకోటి, ఆ పాట దేవుణ్ణి వదిలేయడం గురించని చాలామంది అనుకుంటారు. అమెరికా దక్షిణాది యాసలో ఆ మాటకి ఓపిక నశించిందని, సహనం చచ్చిందని అర్థం. వీడియో తీసింది మన పంజాబ్ కుర్రాడు తర్సేమ్ సింగ్.

మెలోడీ అక్క:

కీబోర్డు తమ్ముడూ, నేను రాయగడ, కొరాపుట్ వైపు 14 ఏళ్లుగా మెలోడీల్లో పాడుతున్నాను. ఆ ఇంగ్లీషు పాటలు నాకు తెలీవు గానీ పార్టీలు విడిపోవడం మాత్రం మూడుసార్లు చూశాను. మూడుసార్లూ పాటల దగ్గర తెగలేదు, సౌండ్ మిక్సర్ దగ్గర తెగింది. అందరూ వేసుకున్న డబ్బుతో కొన్న సామాను ఒకడి ఇంట్లో ఉంటుంది, వాడు తలుపు తీయడు. మొదటిసారైతే వాళ్లమ్మ బయటికొచ్చి, స్పీకర్లు మా వాడి కట్నం డబ్బుతో కొన్నవి అని వీధిలో కేకలు.

కాబట్టి ముందు సామాను రాసుకోండి, ఏది ఎవరి డబ్బు అని. తీసుకున్న అడ్వాన్సులు ఏమైనా ఉంటే ఆ ప్రోగ్రాములు పాత నలుగురూ కలిసే వాయించండి, లేకపోతే ఆ ఊళ్లో ఇంక మొహం చూపించలేరు. పేర్ల గొడవ ఆ తర్వాత. డ్రమ్మర్‌కి మాత్రం అతని వాటా ముందే ఇచ్చేయండి, వెళ్లిపోయేవాడికి బాకీ పెట్టకూడదు.

కిమిడి కీబోర్డు:

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం బేసు అన్న రాసింది మా గ్రూపులో పెట్టాను. రెండు గంటలు ఎవరూ పలకలేదు, నీలం టిక్కులు మాత్రం పడ్డాయి, నాకు టెన్షన్. తర్వాత డ్రమ్మర్ 'గడ్డి కంటే జీడిపిక్కలకి రేటు ఎక్కువ' అని పెట్టాడు. గిటారిస్టు ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. వారంలో అదే మొదటి పలకరింపు.

పాటల కింద నలుగురి పేర్లూ పెడదామని నేనే ముందు అన్నాను. అక్షరాల వరసలో అయితే నా పేరు ఆఖరున వస్తుంది, చచ్చినట్టు ఒప్పుకున్నాను. రిఫ్ గారూ, నడిసీజన్ మాట నిజం, ఇంకా రెండు ప్రోగ్రాములకి అడ్వాన్సు తీసుకుని ఉన్నాం, అవి అయ్యేదాకా డ్రమ్మర్ వస్తానన్నాడు.

అక్కా, మిక్సర్ గిటారిస్టు ఇంట్లోనే ఉంది. ఎలా అడగమంటారు?

మెలోడీ అక్క:

అడగకు. ప్రాక్టీసు మీ ఇంట్లో పెట్టు, మిక్సర్ వాడే మోసుకొస్తాడు.

బరంపురం బేసు:

అక్క అనుభవం ముందు నా ఆర్.ఇ.ఎం. చరిత్ర ఎందుకూ పనికిరాదు. తమ్ముడూ, 2024 జూన్‌లో న్యూయార్క్‌లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్ సభలో ఆ నలుగురూ, బెర్రీతో సహా, కలిసి ఆ మాండొలిన్ పాట వాయించారు. వీడియో దొరికితే మీ డ్రమ్మర్‌కి పంపు.