హెల్మండ్ నది: ఇది నీళ్ల తగాదానా, కొలత తగాదానా?

జీరోపాయింట్:
చెన్నై నీళ్ల చర్చ మధ్యలో హెల్మండ్ మాట వచ్చి అంతా అటే మళ్లింది, అందుకే విడిగా పెడుతున్నా. అఫ్గానిస్తాన్‌లో పుట్టి, ఇరాన్ సరిహద్దులోని హామూన్ చెరువుల్లో ఇంకిపోయే నది ఇది. 1973 ఒప్పందం ప్రకారం మామూలు ఏడాదిలో ఇరాన్‌కు 82 కోట్ల ఘనమీటర్లు రావాలి. మన లెక్కలో 29 టీఎంసీలు. వదలడం లేదని ఇరాన్ అంటుంది, నదిలోనే లేవని కాబూల్ అంటుంది. 2023 మేలో సరిహద్దులో కాల్పులదాకా పోయింది. నా మటుకు ఇది కొలత తగాదా.

మాంబళం మావయ్య:
29 ఎక్కడిది? హక్కు సెకనుకు 22 ఘనమీటర్లే. 1951లో ఈ తగాదా చూసిన డెల్టా కమిషన్ చెప్పిందీ అంతే. మొత్తం 26లో మిగతా 4 అఫ్గానిస్తాన్ సోదరభావంతో ఇచ్చినవి. ఇష్టపడి ఇచ్చింది ఎప్పుడైనా ఆపుకోవచ్చు.

క్యూసెక్కు:
మావయ్యా, సోదరభావం అని కారణం రాశారు, అంతే. ఆ 4 కూడా కలిపే నెలవారీ పట్టిక వేసి సంతకాలు పెట్టారు. 26ను ఏడాదిలోని సెకన్లతో గుణించి చూడండి, 82 కోట్లే వస్తుంది.

వేలచ్చేరి వాణి:
పైవాళ్లు వదలకపోతే కింద ట్యాంకర్లే గతి. ఏ దేశమైనా అంతే.

జీరోపాయింట్:
కొలత అని ఎందుకన్నానంటే, మామూలు ఏడాది అవునా కాదా తేల్చేది నదిలో నీళ్లు కొలిచే దెహ్రావుద్ గేజి. అది అఫ్గానిస్తాన్‌లో, ఇదే నది మీదున్న కజకీ డ్యామ్‌కు ఎగువన ఉంది. అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా అక్కడ 566 కోట్ల ఘనమీటర్లు, అంటే దాదాపు 200 టీఎంసీలు పారితే మామూలు ఏడాది. తగ్గితే, అప్పటిదాకా వచ్చింది మామూలు ఏడాది అదే కాలంతో పోలిస్తే ఎంతో చూసి, ఆ నిష్పత్తిలోనే కోటా కోస్తారు. సగమే వస్తే ఇరాన్‌కూ సగమే, 14.5 టీఎంసీలు.

అంటే మొత్తం భారం ఆ ఒక్క గేజి మీద. గేజి చూపేది నీటిమట్టమే. నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ పెట్టి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో పట్టిక కట్టుకోవాలి. వరదకు నది అడుగు కోసుకుపోయినా, ఇసుక మేట వేసినా ఆ పట్టిక చెల్లదు, మళ్లీ కొలవాల్సిందే. ఆ పని ఇద్దరి ఎదుటా జరగకపోతే ఎవరి అంకె వాళ్లది. చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగలో ఈ బాధ తక్కువ. 15 టీఎంసీల్లో దారి నష్టానికి 3 పోను, ఊత్తుకోట దగ్గర రాష్ట్ర సరిహద్దులోని జీరో పాయింట్‌లో 12 అప్పగించాలి. జూలై-అక్టోబర్‌లో 8, జనవరి-ఏప్రిల్‌లో 4. చాలా ఏళ్లు అంత రాలేదు, అది వేరే సంగతి. ఎంత రాలేదో మాత్రం తెలుసు.

మాంబళం మావయ్య:
ఇంత రాసి 22 సంగతి దాటేశారు.

క్యూసెక్కు:
జీరోపాయింట్ గారూ, గేజి పక్కాగా ఉందనే అనుకుందాం. అప్పుడూ తగాదా పోదు. కరవొస్తే ఇరాన్ కోటా తగ్గుతుంది. మరి 300 టీఎంసీలు వస్తే? పెరగదు. పట్టికకు మించి అడగనని ఇరాన్ ఒప్పుకుంది. పైగా అర్ఘందాబ్ ఉపనది కలిసేది కజకీ కింద, లష్కర్‌గా దాటాక. దాని వరద దెహ్రావుద్ లెక్కలోకే రాదు.

జీరోపాయింట్:
తెలిసే సంతకం పెట్టారు కదా సార్. 50 ఏళ్ల తర్వాత అన్యాయం గుర్తొచ్చిందా? దారిలో ఎడారి తాగేది కూడా అఫ్గాన్ ఖాతాలోదే. సరిహద్దులో 26 చేరాలంటే పైనుంచి అంతకంటే ఎక్కువ వదలాలి. అది మీకు కనపడదు.

క్యూసెక్కు:
కనపడుతుంది. మీకు హామూన్ కనపడటం లేదు! ఆ 26 ఇరాన్‌లోని జాబోల్, జాహెదాన్ ఊళ్ల తాగునీటికి, అక్కడి సిస్తాన్ ప్రాంతపు పొలాలకు. చాహ్‌నీమె జలాశయాల్లో నింపుకునేది అందుకే. హామూన్ నిండేది వరదతో. దానికంటూ ఒప్పందంలో చుక్క లేదు. అది ఎండితే ఏటా వీచే 120 రోజుల గాలికి అడుగు మట్టి లేచి ఊళ్ల మీద పడుతుంది, సరిహద్దుకు రెండు పక్కలా. 2021లో అఫ్గానిస్తాన్ సరిహద్దు దగ్గర కమాల్‌ఖాన్ ఆనకట్ట తెరిచాక వరదను గౌద్-ఎ-జెరే అనే ఉప్పు పల్లానికి మళ్లించే వీలు దొరికింది. అక్కడికి పోయిన నీరు ఏ రైతుకు పనికొస్తుంది?

జీరోపాయింట్:
అయితే మీరు అడిగేది 29 టీఎంసీలు కాదు, వరద. ముందే చెప్పాల్సింది. కోటా పోగా మిగిలింది అఫ్గానిస్తాన్‌దని ఒప్పందమే అంటోంది. అటువైపు సరిహద్దు రాష్ట్రం నిమ్రోజ్ రైతులదీ కరవు బతుకే. తన భూమి మీద పడిన వాననీటిని ఆపుకోవద్దని చెప్పే హక్కు కిందివాడికి లేదు.

క్యూసెక్కు:
ఆపుకుని పొలాలకు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఉప్పు పల్లానికి వదలడానికే అభ్యంతరం. పైవాడు వాడుకోలేనిది కిందికి పోవాలి, అది దానం కాదు.

వేలచ్చేరి వాణి:
ఇప్పుడు దారికొచ్చారు ఇద్దరూ. చేయగలిగేది చెప్పండి.

క్యూసెక్కు:
కమాల్‌ఖాన్ కింద రెండో గేజి. పొలాల కాలువలు నిండాక వచ్చే వరదను పల్లానికి కాకుండా హామూన్‌కు వదిలేలా గేట్ల షెడ్యూల్.

జీరోపాయింట్:
గేజికి నేనూ సరే. షెడ్యూల్‌కు 1973 ఒప్పందాన్ని తిరగరాయాలి. తాలిబాన్‌ను ఇరాన్ ఇప్పటికీ అధికారికంగా గుర్తించలేదు. అవతలి సంతకం ఎవరిది?