పాటల వర్క్‌షాపులో వాళ్ళు చెప్పిన లైను మనం దిద్దొచ్చా?

బాణీకట్టు:
ఇంట్లో హింస తట్టుకోలేక బయటికొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే చోట వారానికోసారి అందరం కూర్చుని పాట కడుతున్నాం. ఎనిమిది మంది, ఆరు వారాలు. వాళ్ళు మాటలు చెబుతారు, నేను బోర్డు మీద రాసి బాణీలోకి సర్దుతాను. మూడో వారం ఒకావిడ, అప్పటిదాకా నోరు విప్పనావిడ, "తాళం చెవి నా దగ్గరే ఉంది, తలుపు మాత్రం నాది కాదు" అన్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా బాణీ తిశ్రంలో ఉంది, మూడేసి మాత్రల నడక (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు, దీర్ఘానికి రెండు). ఎంత లాగినా ఆ లైను పట్టలేదు. "తలుపు నాది కాదు, దారి నాది" అని మార్చాను. సరేనా అంటే ఆవిడ తలూపారు. అందరూ పాడారు, చప్పట్లు కొట్టారు. నాలుగో వారం ఆవిడ రాలేదు. నాతో పాటు నడిపే అమ్మాయేమో "మీరు ఆవిడ మాట తీసేశారు" అంటోంది. నేను తీసింది మాత్రలు, మాట కాదు. మీరేమంటారు?

తబలా మాస్టారు:
లైను రెండో సగం చూడండి: తలుపు మూడు మాత్రలు, నాది మూడు, కాదు మూడు. మధ్యలో "మాత్రం" ఒక్కటే నాలుగు, అది అడ్డుపడింది మీకు. లైను తప్పేం లేదు, మీరు పెట్టుకున్న నడక తప్పు. బాణీ మార్చాల్సింది.

కోరస్‌లో ఒకడు:
మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు మందుల షాపు పెట్టుకోవాలి సార్, పాటలెందుకు.

రాత్రిడ్యూటీ:
నేను ఇలాంటి వసతి గృహంలోనే పనిచేస్తాను. "తలూపారు" అన్నారే, అక్కడ ఆగిపోయాను. ఏళ్ళ తరబడి ఎదుటివాళ్ళ మొహం చూసి తలూపడం వల్లే బతికి బట్టకట్టిన మనిషి ఆవిడ. పెన్ను పట్టుకుని బోర్డు దగ్గర నిలబడినవాళ్ళు "సరేనా" అంటే సరే అనక ఏం చేస్తారు? అందరి ముందూ అడగకూడదు. పాట అయ్యాక విడిగా, ఇంకో రోజు, "ఇది వద్దు" అనడానికి వీలున్నట్టు అడగాలి. గదిలోకి రావడానికి ఒప్పుకోవడం వేరు, రికార్డు చేయడానికి ఒప్పుకోవడం వేరు, బయట వినిపించడానికి ఒప్పుకోవడం వేరు. మీరు మూడూ ఒక్క తలూపులో కానిచ్చేశారేమోనని నా అనుమానం.

బాణీకట్టు:
అనుమానం మీ దగ్గరే ఉంచుకోండి. ఎదుటివాళ్ళు చెప్పింది రాసుకునే గుమాస్తాని కాదు కదండీ నేను. న్యూయార్క్‌లో కార్నెగీ హాల్ అనే కచేరీశాల వాళ్ళు 2011లో లాలిపాటల కార్యక్రమం మొదలుపెట్టారు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు సంగీతకారులతో కూర్చుని తమ బిడ్డ కోసం లాలి కడతారు. అక్కడ సంగీతకారుడు ఒక్క మాటా సర్దకుండానే పాటలవుతున్నాయా? కలిసి కట్టడం అంటేనే ఇద్దరి చెయ్యీ పడటం. పాట వినసొంపుగా ఉంటేనే వాళ్ళకీ గర్వంగా ఉంటుంది.

పాతపాటల పెద్దాయన:
ఆయన మాటలో నిజముంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళతో కొన్నాళ్ళు పనిచేశాను. మాట పెగలని మనిషి తెలిసిన పాట మాత్రం పాడేస్తాడు, చూస్తే గాని నమ్మలేం. కానీ కొత్త లైను కట్టాలంటే మేమే రెండు మాటలు రాసి చూపించి ఏది కావాలో దాని మీద వేలు పెట్టమనేవాళ్ళం. ఆ రెండు మాటలూ మావే మరి. అసలు చెయ్యే పెట్టకూడదంటే వాళ్ళతో పాటే కట్టలేం.

తబలా మాస్టారు:
అది వేరు, ఇది వేరు. ఇక్కడ ఆవిడ నోటితో చెప్పింది. "మాత్రం" తీసేసి "తలుపు నాది కాదు" అని ఊరుకున్నా తిశ్రంలో కూర్చునేది.

హక్కుల పిచ్చి:
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను చెబుతున్నా. రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్న 1886 బెర్న్ ఒప్పందానికి 1928లో రోమ్‌లో చేసిన సవరణ ప్రకారం, తన రచనను పరువుకు భంగం కలిగేలా మారిస్తే రచయిత అభ్యంతరం చెప్పొచ్చు, హక్కులు ఇంకొకరికి రాసిచ్చేసినా సరే. కలిసి రాసినదైతే రక్షణ గడువు చివరిగా పోయిన రచయిత నుంచి లెక్క, కనీసం 50 ఏళ్ళు. మీ పాట మీద ఎనిమిది పేర్లు ఉండాలి. ఉన్నాయా?

రాత్రిడ్యూటీ:
పేర్లా? దాక్కున్న మనిషి పేరు పాట మీద వేస్తారా మీరు! పేరు దాకా ఎందుకు, గొంతు చాలు. ఎవరి ఫోన్లోనో మోగితే మొగుడు గుర్తుపట్టడూ?

హక్కుల పిచ్చి:
మారుపేరు పెట్టొచ్చని కూడా ఉంది, చదువుకోండి.

నాలుగో చరణం:
నేను అటువైపు కుర్చీలో కూర్చున్నదాన్ని. ఎక్కడని చెప్పను. డిప్రెషన్‌తో చేరినప్పుడు అక్కడ ఇలాగే పాటల క్లాసు పెట్టారు. "పొద్దున లేవడానికి కారణం వెతుక్కుంటూ మధ్యాహ్నం అవుతోంది" అన్నాను. రాసుకున్నారు. మర్నాడు చూస్తే చివర్లో వెలుగొచ్చింది, ఉదయం వచ్చింది, ఏవేవో వచ్చాయి. బాగుంది అన్నాను, ఎందుకంటే అప్పటికి ఏదన్నా బాగుంది అనే ఓపికే ఉంది నాకు. తర్వాత ఏదో సభలో ఆ పాట వేశారు. మా చుట్టాలొకరు విని "నయమైపోయిందట కదా" అని ఫోన్ చేశారు. నాకేం నయం కాలేదు. ఇప్పటికీ ఆ పాట పల్లవి గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. బాణీ మాత్రం బాగుండేది, అదొక ఖర్మ.

బాణీకట్టు:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఎవరో చేసింది తెచ్చి నా మెడకు చుట్టకండి. జీతం భత్యం లేకుండా ఆరు వారాలు సెలవులన్నీ తగలేసి చేస్తున్నాను. ఒక్క లైను కోసం ఇంత మంది మీద పడితే రేపు ఎవరు ముందుకొస్తారు?

నాలుగో చరణం:
జీతం గురించి ఎవరడిగారు? "దారి నాది" అని ఆవిడ అన్నారా? మాత్రలు తగ్గించానంటారు, మాస్టారు చెప్పినట్టు "తలుపు నాది కాదు" దగ్గర ఆపేస్తే సరిపోయేది. తగ్గించాక మళ్ళీ ఆరు మాత్రలు ఎందుకు కలిపారు? ఆ దారి ఎవరికి కావాలి?

కోరస్‌లో ఒకడు:
అమ్మో.

రాత్రిడ్యూటీ:
లాలిపాటల సంగతి తెచ్చారు కదా, ఆ లాలి వినేది బిడ్డ. మీ పాట వినేదెవరు?

బాణీకట్టు:
(రెండు రోజుల తర్వాత) సరే, చెబుతాను. ఆరో వారం రికార్డు చేసి ఖర్చు పెట్టుకుంటున్నవాళ్ళకి పంపాలి. ముందే అన్నారు, ఏడుపు పాట కాకుండా చూడమని. ఆ లైను విన్న క్షణాన నాకు ఆ మెయిలే గుర్తొచ్చింది, మాత్రలు కాదు. ఇది నాతో పాటు నడిపే అమ్మాయికి కూడా చెప్పలేదు.

తబలా మాస్టారు:
ఇప్పుడు వినండి. "తాళం చెవి నా దగ్గరే ఉంది" సరిగ్గా పదహారు మాత్రలు. చతురశ్రంలో, అంటే నాలుగేసి మాత్రల నడకలో, నాలుగు నాలుగులు, దువ్వినట్టు కూర్చుంటుంది. "తలుపు మాత్రం నాది కాదు" పదమూడు. అంటే లైను పొడుగై పట్టకపోవడం కాదు, మూడు తక్కువ. ఆ మూడూ ఎవరూ పాడకండి, వాయించకండి.

పాతపాటల పెద్దాయన:
మాస్టారూ, దండం.

రాత్రిడ్యూటీ:
బాణీ మార్చే ముందు ఆవిడని కనుక్కోండి. మీరు వెళ్ళకండి, అక్కడ ఆవిడకి చనువున్న వాళ్ళ చేత అడిగించండి. ఎందుకు రాలేదని మాత్రం అడగొద్దు.

బాణీకట్టు:
అడిగించాను. పాత లైనూ వద్దు, కొత్త లైనూ వద్దు అన్నారట. ఆ మాట తనకి తిరిగిచ్చేయమన్నారట. మాస్టారి బాణీ కూడా పనికిరాలేదు మరి. కాగితం మీద ఆవిడ అన్నది అన్నట్టే రాసి పంపాను, నా దగ్గరున్న కాపీలు చింపేశాను, బోర్డు తుడిచాను. రెండో చరణం ఇప్పుడు మూడు లైన్లే.

నాలుగో చరణం:
రికార్డింగ్ సంగతి ఏం చేశారు?