డిసెంబరులో రొవానియెమి: మందమైన కోటు ఒక్కటి సరిపోతుందా?

ప్రశ్న:
డిసెంబరు మూడో వారంలో ఫిన్లాండులోని రొవానియెమికి ఐదు రోజుల విహారయాత్రకు వెళ్లాలనుకుంటున్నాము. అరవై దాటిన మా అమ్మగారు, ఏడేళ్ల మా అబ్బాయి కూడా వస్తున్నారు. మంచు కురిసే ప్రదేశాన్ని మాలో ఎవరూ ఇంతవరకు చూడలేదు. మనిషికొక మందమైన కోటు కొంటే చాలునా? పగలు రెండు గంటలే ఉంటుందని విన్నాను. ఆ చీకటిలో రోజును ఎలా గడపాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1:
కోటు మందం కంటే పొరలు ముఖ్యమండీ. అక్కడ డిసెంబరులో సున్నాకు దిగువన పది డిగ్రీలు మామూలే, అప్పుడప్పుడు ముప్ఫైకి కూడా దిగుతుంది. ఒంటికి అంటుకుని ఉండే లోపలి పొర మెరినో ఉన్నిదైనా సింథటిక్‌దైనా కావచ్చు గాని నూలుది మాత్రం వద్దు, ఎందుకంటే నూలు చెమటను పీల్చుకుని ఆరకుండా ఉండిపోతుంది, నడక ఆపగానే ఆ తడే ఒంట్లోని వేడిని లాగేస్తుంది. దాని మీద ఫ్లీసు (నూగుతో మెత్తగా ఉండే వెచ్చని సింథటిక్ పైచొక్కా), అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్ వేసుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అతితెలివితో రెండు జతల మేజోళ్లు తొడిగి బూట్లను బిగించి కట్టాను. లోపల గాలి నిలిచే చోటు లేక అరగంటలో కాలివేళ్లు మొద్దుబారాయి. అందుకని బూట్లు కొంచెం వదులుగా ఉండేవే తీసుకోండి. బాబుకు వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిటెన్లు రెండు జతలు ఉంచండి, మొదటి జత ఎలాగూ మంచులో తడిసిపోతుంది. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి), కుక్కల బండి సవారీలు నడిపే సంస్థలు చాలావరకు చలిసూట్లు, బూట్లు తామే ఇస్తాయి కనుక ఆ సంగతి ముందే అడిగి తెలుసుకుంటే కొంత ఖర్చు తగ్గుతుంది.

జవాబు 2:
అమ్మగారి విషయంలో నాకు చలికంటే జారుడు ఎక్కువ భయం. తొక్కితొక్కి గట్టిపడిన మంచు గాజులా ఉంటుంది; బూట్ల అడుగున తగిలించుకునే ముళ్ల పట్టీలు తప్పక కొనండి. పగటి సంగతి మీరు విన్నది నిజమే, ఆ రోజులలో సూర్యుడు రెండు గంటల పైచిలుకు మాత్రమే కనిపిస్తాడు, అయితే దానికి ముందూ వెనుకా చాలాసేపు నీలి వెలుగు ఉంటుంది, మంచు ఆ వెలుగును రెట్టింపు చేస్తుంది. బయటి పనులన్నీ ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు పెట్టుకోండి. ధ్రువకాంతుల (రాత్రి ఆకాశంలో కనిపించే రంగురంగుల వెలుగుల) మీదే ఆశలు పెట్టుకోకండి, మబ్బు పడితే ఏమీ కనిపించదు. ఫోనును లోపలి జేబులో ఉంచకపోతే చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. కెమెరాను గదిలోకి తెచ్చే ముందు, ఇంకా బయట ఉండగానే, ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి, అది వెచ్చబడ్డాకే తీయండి; లేకుంటే చెమ్మ పడుతుంది.

జవాబు 3:
షెంగెన్ వీసా (ఫిన్లాండుతో సహా చాలా ఐరోపా దేశాలకు పనికివచ్చే ఒకే వీసా) అవసరమైనవారైతే, దరఖాస్తు ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు చేరాలి. ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వవచ్చు కాబట్టి ఆఖరి వారాల దాకా ఆగకండి. ప్రయాణ వైద్యబీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మంచు క్రీడలకు కూడా అది వర్తిస్తుందేమో పాలసీలో చదవండి, అన్నిటికీ వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కోటు ఆలోచన మానుకున్నాను. ఇన్ని పొరలు వేసుకుని రెస్టారెంట్‌లోకో బస్సులోకో వెళితే ఉక్కపోయదా?

జవాబు 1:
తప్పక పోస్తుంది, లోపల ఇరవై డిగ్రీల దాకా వెచ్చగా ఉంచుతారు. అందుకే జిప్పు ఉన్న ఫ్లీసు కొనండి; లోపలికి అడుగుపెట్టగానే పై రెండు పొరలూ విప్పేయాలి, ముఖ్యంగా బాబుకు, ఎందుకంటే చెమటతో తిరిగి బయటికి వెళితే ఏ కోటూ కాపాడదు.