బాలింత అయిన మా చెల్లిని ఏ మానసిక వైద్యులకు చూపించాలి?

మా చెల్లికి కాన్పయి రెండు నెలలు దాటింది. మల్కాజిగిరిలో అమ్మ దగ్గరే ఉంది. పాప చక్కగా ఉంది, చెల్లే తేరుకోవడం లేదు. పాప నిద్రపోయినా తనకు కునుకు పట్టదు. పాలిచ్చేటప్పుడు కూడా బిడ్డను చూడదు, గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. మొన్న స్నానం చేయించిన పాపను ఒళ్లో పెడితే, "నాకన్నా నువ్వే బాగా పెంచుతావక్కా, తీసుకుపో" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

అమ్మ బాలింత నీరసమంటూ దిష్టి తీస్తోంది. కాన్పు తర్వాతి దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది కదా, ఇది పెరుగుతోంది. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను గుర్తించే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలకూ తనతో జవాబులు చెప్పించాను, మొత్తం స్కోరు 17 వచ్చింది. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. చనిపోవాలన్న ఆలోచన లేదంటోంది. అయినా ఒంటరిగా వదలడం లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే ఓపికగా మాట్లాడారు, సైకియాట్రిస్టును త్వరగా కలవమన్నారు.

ఎర్రగడ్డ పేరెత్తితేనే ఇంట్లో అందరూ హడలిపోతున్నారు. తార్నాక, సికింద్రాబాద్ వైపు బాలింతలకు వైద్యం చేసిన అనుభవమున్న సైకియాట్రిస్టులు ఎవరైనా తెలుసా? పాలిచ్చే తల్లులకూ సెర్ట్రలీన్ వంటి డిప్రెషన్ మందులు ఇస్తారని విన్నాను. మీ ఇంట్లో ఎవరైనా వాడారా, ఎన్నాళ్లకు తెరిపి కనిపించింది? థైరాయిడ్ పరీక్ష ముందే చేయించి తీసుకెళ్లాలా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది జబ్బేనని, నయమవుతుందని మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎలా నచ్చజెప్పారు?