రెసిడెంట్ వైద్యుల నిద్రను స్మార్ట్ వాచీతో కొలిస్తే థీసిస్‌కు నిలుస్తుందా?

ప్రశ్న – సామాజిక వైద్యశాస్త్ర పీజీ విద్యార్థిని, వరంగల్

జూనియర్ రెసిడెంట్లు (ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే పీజీ వైద్యులు) పగటి డ్యూటీ రోజున, నైట్ డ్యూటీ రోజున, డ్యూటీ దిగిన మరుసటి రోజున ఎంతసేపు నిద్రపోతున్నారో కొలవాలని అనుకుంటున్నాను. ప్రశ్నావళి ఇస్తే ఎవరికి గుర్తున్నది వారు రాస్తారు కనుక, రెండు వారాల పాటు స్మార్ట్ వాచీలు కట్టించాలని ఆలోచన. క్యాజువాల్టీలో కుర్చీలో వాలి తీసే కునుకునూ, హాస్టల్లో పట్టపగలు పడుకునే నిద్రనూ అవి సరిగ్గా పట్టుకుంటాయా? గాఢనిద్ర, కలల నిద్ర అంటూ అవి చూపే నిమిషాలను వాడవచ్చా?

జవాబు – నిద్ర వైద్య నిపుణుడు, హైదరాబాద్

డాక్టర్ గారూ, నిద్ర దశలను తేల్చేది మెదడు తరంగాలను నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ. వాచీ చూసేది మణికట్టు కదలికనూ, ఆకుపచ్చ కాంతి సాయంతో నాడినీ మాత్రమే, మిగిలినదంతా ఊహ. అందువల్ల దశల లెక్కలను ప్రధాన ఫలితంగా పెట్టకండి. మొత్తం నిద్ర సమయం కొంత నయమే కానీ, కదలకుండా మేలుకొని ఉన్నవారిని కూడా వాచీ నిద్రపోతున్నట్టే లెక్కిస్తుంది. ఏ క్షణంలో వార్డు నుంచి ఫోన్ వస్తుందోనని డ్యూటీ గదిలో కళ్లు మూసుకొని పడుకొనే రెసిడెంటు విషయంలో ఈ లోపం చిన్నది కాదు. చిన్న కునుకులను చాలా వాచీలు నమోదే చేయవు. కాబట్టి నిద్ర డైరీ కూడా రాయించండి, డ్యూటీ రోస్టరుతో సరిచూడండి. యాప్ ఇచ్చే తేదీవారీ మొత్తాన్ని నమ్మకండి. ఉదయం పదికి పడుకొని సాయంత్రం లేచిన నిద్ర ఏ రోజు ఖాతాలో పడుతుందో యాప్‌ను బట్టి మారుతుంది. ఒక డ్యూటీ మొదలు నుంచి తరువాతి డ్యూటీ మొదలు వరకు ఒక వ్యవధిగా తీసుకోవడం మేలు.

జవాబు – ఇంటర్నల్ మెడిసిన్ వైద్యుడు, అమెరికా

ఇక్కడ డ్యూటీ గంటల నియమాలను పోల్చిన ఐకంపేర్ పరిశోధనలో దాదాపు 400 మంది ఇంటర్న్‌లకు (మొదటి ఏడాది రెసిడెంట్లకు) 14 రోజులు మణికట్టు యాక్టిగ్రాఫులు (కదలికను బట్టి నిద్రను అంచనా వేసే పరికరాలు) కట్టి, వాటితోపాటు మగత స్థాయినీ, ఏకాగ్రత పరీక్షనూ నమోదు చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. డ్యూటీ నిడివిపై పరిమితులను సడలించిన శిక్షణలో రోజుకు సగటున 6.85 గంటలు, పరిమితులున్న శిక్షణలో 7.03 గంటలు నిద్ర తేలింది. సగటు చూస్తే తేడా లేనట్టే. కానీ సుదీర్ఘ రాత్రి డ్యూటీల్లో నిద్ర బాగా తగ్గింది. మీరూ సగటుతో ఆగకుండా డ్యూటీ రకాన్ని బట్టి విడదీసి చూపండి.

జవాబు – జనరల్ సర్జరీ పీజీ, గుంటూరు

మేడమ్, స్క్రబ్ అయ్యే (ఆపరేషన్‌కు చేతులు శుభ్రం చేసుకునే) ముందు మేము వాచీ తీసేస్తాం. అలా తీసి బల్లమీద పెట్టిన సమయం నిద్ర ఖాతాలో చేరకుండా చూడండి.

దానికన్నా పెద్ద చిక్కు మరొకటి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఆదేశం వరుస డ్యూటీ మామూలుగా 12 గంటలకు మించరాదని చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో వారానికి 74 గంటల పరిమితిని సిఫారసు చేసింది. మీ గణాంకాల్లో నిద్రతోపాటు, ఈ పరిమితులు దాటిన డ్యూటీ గంటలు కూడా బయటపడతాయి. అవి తమ యూనిట్ చీఫ్‌కు చేరతాయన్న అనుమానం వస్తే ఎవరూ వాచీ కట్టుకోరు, కట్టుకున్నా డైరీలో నిజం రాయరు. పేర్లకు బదులు కోడ్ సంఖ్యలు ఇచ్చి, వాచీ ఖాతాలను కూడా ఆ సంఖ్యలతోనే తెరిచి, విభాగాల వారీగా కొద్దిమంది ఫలితాలను విడిగా ప్రకటించబోమని అంగీకార పత్రంలోనే రాయండి. ఎథిక్స్ కమిటీ కూడా మొదట అడిగేది ఇదే.